బ్రైడ్‌కిర్క్ బాప్తిస్మపు తొట్టి: "నన్ను చెక్కింది రిచర్డ్" అంటున్న రాయి

కార్లైల్ కుర్రాడు
ఆదివారం, రాత్రి 9:40

నమస్తే అందరికీ. పెద్ద పోస్టు, ఓపిక ఉన్నవాళ్లే చదవండి. నేనుండేది ఇంగ్లండ్ ఉత్తరపు కొసన, కార్లైల్లో. ఊరి నుంచి అమ్మానాన్న వచ్చారు, లేక్ డిస్ట్రిక్ట్ చూపిద్దామని నిన్న బయల్దేరాం. కాకర్‌మౌత్ చేరేసరికి ఒకటే వాన. వర్డ్స్‌వర్త్ 1770లో పుట్టిన ఇల్లు అక్కడే ఉంది కానీ మా నాన్నకి కవులంటే పెద్ద ఆసక్తి లేదు. ఆయనకి రాయి అంటే ఇష్టం. మా తాత రోళ్లు, తిరగళ్లు చెక్కేవాడు, నాన్న కూడా చిన్నప్పుడు ఉలి పట్టినవాడే. అందుకని పక్కనే ఉన్న బ్రైడ్‌కిర్క్ అనే చిన్న ఊరికి తీసుకెళ్లా. అక్కడ సెయింట్ బ్రైడ్ చర్చిలో ఒక బాప్తిస్మపు తొట్టి ఉంది. 12వ శతాబ్దం నాటిది.

చర్చి మాత్రం అంత పాతది కాదు, 1868-70లో మళ్లీ కట్టారు. పాత చర్చి గర్భాలయం గోడలు కొన్ని ఇంకా సమాధుల మధ్య నిలబడి ఉన్నాయి, పాత ద్వారాలు తీసి కొత్తదాంట్లో కూర్చారు. తొట్టి లోపలుంది. నలుచదరంగా ఉంటుంది, నాలుగు పక్కలా బొమ్మలే, ఒక్కో పక్క పైన ఒక వరస కింద ఒక వరస. పైన జంతువులు, వింత మృగాలు. కింద ఒక పక్క యేసు బాప్తిస్మం, మీద పావురం. ఇంకో పక్క ఆదాము అవ్వల్ని తోట నుంచి వెళ్లగొడుతున్న దూత.

అసలు సంగతి నాలుగో పక్కన. మధ్యలో ఒక రిబ్బన్ లాంటి పట్టీ, దాని మీద ఏవో గీతల అక్షరాలు. దాని కింద ఒక మనిషి సుత్తి, ఉలి పట్టుకుని లతని చెక్కుతున్నాడు. అంటే శిల్పి తన బొమ్మ తనే చెక్కుకున్నాడు! నాన్న అక్కడే ఆగిపోయాడు. అమ్మ కారులోకి వెళ్లి కూర్చున్నా ఆయన కదల్లేదు. ఆ అక్షరాల కథ ఎవరికైనా తెలిస్తే చెప్పండి. అక్కడున్న కాగితంలో రూన్ లిపి అని మాత్రం చదివాను.

కొంటె ప్రశ్న
ఆదివారం, రాత్రి 9:58

ఇంగ్లీషులో దీన్ని ఫాంట్ అంటారుగా, నేను అక్షరాల ఫాంట్ గురించి అనుకుని లోపలికొచ్చా 😀 వచ్చి చూస్తే నిజంగానే అక్షరాల గొడవే. ఇంకోటి, బ్రైడ్‌కిర్క్ అంటే పెళ్లికూతురు చర్చా? పెళ్లిళ్లు బాగా జరుగుతాయా అక్కడ?

పద్మక్క లీడ్స్
ఆదివారం, రాత్రి 10:15

పెళ్లికూతురు కాదు తమ్ముడూ. బ్రైడ్ అంటే ఐర్లండ్‌లోని కిల్డేర్ బ్రిజిడ్ అనే పునీతురాలు. కిర్క్ అంటే చర్చి, అది నార్స్ మాట, అంటే వైకింగుల భాష. ఆ ప్రాంతానికి 10వ శతాబ్దంలో ఐర్లండ్ వైపు నుంచి, ఆ సముద్రంలోని దీవుల నుంచి నార్స్ జనం వచ్చి స్థిరపడ్డారు. అందుకే ఊరి పేర్లన్నీ ఇలా ఉంటాయి. ఊరి పేరులో సగం ఐర్లండ్, సగం వైకింగ్ అన్నమాట.

శాసనపిచ్చోడు
ఆదివారం, రాత్రి 11:30

కార్లైల్ తమ్ముడూ, నిద్రపోదామని పడుకున్నవాణ్ణి లేపావు. ఈ తొట్టి గురించి ఎవరైనా అడుగుతారా అని పదేళ్లుగా చూస్తున్నా. నేను చదివేది మన శాసనాలే, కానీ శాసనాలు తప్పు చదివితే ఏమవుతుందో చెప్పడానికి కొత్తగా వచ్చే పిల్లలకి నేను చెప్పే మొదటి కథ ఇదే.

పట్టీ మీదున్నది ఇది, ఇంగ్లీషు ఉచ్చారణలో రాస్తున్నా: "రికార్థ్ హె మె ఇవ్రోక్తె, అండ్ టు థిస్ మెర్థ్ గెర్న్‌ర్ మె బ్రోక్తె." అంటే దాదాపుగా "రిచర్డ్ నన్ను చేశాడు, ఈ సొగసుకి నన్ను తెచ్చాడు." మధ్యలో ఆ "గెర్న్‌ర్" అన్న ఒక్క మాట దగ్గరే పండితులు కొట్టుకుంటారు. "శ్రద్ధగా" అని కొందరు అంటారు. మిగతా అంతా స్పష్టం. ఇవ్రోక్తె, బ్రోక్తె అని ప్రాస కూడా కుదిరింది, రెండు పాదాల పద్యం అది.

ఇప్పుడు చూడండి తమాషా. లిపి నార్స్ రూన్లు, అంటే ఉత్తర ఐరోపా జనం పూర్వం వాడిన గీతల అక్షరాలు. అది కూడా పాత ఇంగ్లీషువాళ్లు రాసుకున్న రూన్లు కాదు, స్కాండినేవియా రకం. వాటి మధ్యలో ఆ కాలంలో పుస్తకాల్లో రాసే ఇంగ్లీషు అక్షరాలు కొన్ని దూర్చాడు. భాష మాత్రం శుద్ధ ఇంగ్లీషు, అప్పటి ఊళ్లో మాట్లాడే ఇంగ్లీషు. పేరేమో రిచర్డ్, ఫ్రాన్స్ వైపు నుంచి వచ్చి ఇంగ్లండ్‌ని గెలిచిన నార్మన్లు తెచ్చి వ్యాపింపజేసిన పేరు. పద్మక్క చెప్పిన ఐర్లండ్ పునీతురాలిని కూడా కలుపుకోండి. ఒక్క రాయి మీద ఎన్ని జాతులు!

తప్పు చదివిన కథ రేపు రాస్తా. పొద్దున డ్యూటీ ఉంది.

గుండ్లకమ్మ
సోమవారం, ఉదయం 6:50

చరిత్ర బాగుంది గానీ నాకో సందేహం. మాది ఒంగోలు దగ్గర, బాప్టిస్టు కుటుంబం. మాకు బాప్తిస్మం అంటే నది, లేకపోతే చర్చిలో పెద్ద తొట్టి కట్టి మనిషిని నిలువునా ముంచడం. 1878 జూలైలో మిషనరీ క్లౌ దొరగారి హయాంలో గుండ్లకమ్మలో ఒక్క రోజున 2,222 మందికి ఇచ్చారని మా నాయనమ్మ ఇప్పటికీ చెబుతుంది, నా పేరు అందుకే పెట్టుకున్నా. మరి ఈ రాతి తొట్టిలో మనిషి ఎలా పడతాడు? చిలకరించడానికే అయితే అంత పెద్ద తొట్టి ఎందుకు, ఒక గిన్నె చాలదా?

గుణదల మెట్లు
సోమవారం, ఉదయం 8:05

మనిషి కాదండీ, పసిబిడ్డ. మేం కతోలికులం, మేం జ్ఞానస్నానం అంటాం. ఆ కాలంలో ఇంగ్లండ్‌లో బిడ్డ పుట్టిన ఒకట్రెండు రోజుల్లోనే తీసుకెళ్లేవాళ్లు, ఎందుకంటే అది జరక్కుండా బిడ్డ పోతే ఎలా అన్న భయం. ప్రాణం మీదికొస్తే మంత్రసాని కూడా ఇవ్వొచ్చు. చర్చికి తెచ్చిన బిడ్డని మాత్రం గుడ్డలు విప్పి ముంచేవాళ్లే, చిలకరింపు కాదు. మూడుసార్లు. మొదట కుడి పక్కకి తిప్పి, రెండోసారి ఎడమ పక్కకి, మూడోసారి మొహం నీళ్ల వైపు. 1549లో ఇంగ్లీషులో ప్రార్థనల పుస్తకం వచ్చినప్పుడు కూడా ఈ మూడు ముంపులు అలాగే రాశారు, 1552 పుస్తకంలో ఒక్కసారికి తగ్గించారు. బిడ్డని ముంచాలంటే గిన్నె చాలదు కదా, అందుకే అంత లోతు.

తొట్టి నుంచి బిడ్డని అందుకునేది జ్ఞాన తల్లిదండ్రులు. కన్నతల్లి మామూలుగా అక్కడ ఉండేది కాదు, పురుడు తీరే దాకా చర్చికి రాకూడదు. మనవైపు పురిటి మైల లాంటిదే అనుకోండి.

తొట్టిని తలుపు దగ్గరే పెడతారు, సంఘంలోకి అడుగుపెట్టడం అక్కడ మొదలు కాబట్టి. మా విచారణ చర్చిలో కూడా తలుపు పక్కనే ఉంది, కాకపోతే మాది మార్బుల్, ప్రతి క్రిస్మస్‌కీ ఎవరో ఒకరు దాని మీద నక్షత్రం లైటు పెట్టేస్తారు.

గుండ్లకమ్మ
సోమవారం, ఉదయం 8:20

అయితే ముంచుడే అన్నమాట 🙂 మీరూ మేమూ ఒకటే అయ్యాం, వయసులో తేడా అంతే.

పద్మక్క లీడ్స్
సోమవారం, మధ్యాహ్నం 1:10

తాళం సంగతి ఎవరూ చెప్పలేదేం? ఇక్కడి పాత తొట్లు చాలావాటికి పై అంచున ఇనుప కొక్కేల గుర్తులు, విరిగిన మూలలు కనిపిస్తాయి. ఆ నీళ్లని ఈస్టర్ ముందు రాత్రి ఆశీర్వదించి తొట్టిలోనే నిల్వ ఉంచేవాళ్లు. జనం వచ్చి దొంగతనంగా ముంచుకుపోయేవాళ్లు, చేతబడికి, మందు పెట్టడానికి, పశువుల రోగాలకి. చివరికి 1236లో క్యాంటర్‌బరీ ఆర్చ్‌బిషప్ ఎడ్మండ్ తొట్లన్నిటికీ మూత పెట్టి తాళం వెయ్యమని ఆజ్ఞ ఇచ్చాడు. దేవుడి నీళ్లకి తాళం!

ఇంకా, రాయి నీళ్లు పీల్చేస్తుంది కాబట్టి లోపల సీసం రేకు తొడిగేవాళ్లు. అడుగున ఒక బెజ్జం, వాడేసిన నీళ్లు నేరుగా మట్టిలోకే పోవాలి, ఆశీర్వదించిన నీళ్లని మురుగులో కలపకూడదు. మేం ఇంట్లో పూజ నీళ్లు తులసి కోటలో పోస్తామే, ఆ లెక్క.

వరంగల్ వాసి
సోమవారం, సాయంత్రం 6:30

శిల్పి పేరు రాసుకోవడం గొప్పే. కానీ మన రామప్ప గుడి? శిల్పి పేరుతోనే గుడిని పిలుస్తున్నాం. 12వ శతాబ్దం అంటున్నారు, అప్పటికి మా హనుమకొండ వెయ్యి స్తంభాల గుడి దగ్గర రుద్రదేవుడు 1163లో అంత పెద్ద శాసనం వేయించాడు. ఇక్కడ రెండు లైన్లకే ఇంత హడావుడా?

శాసనపిచ్చోడు
సోమవారం, రాత్రి 9:15

వరంగల్ అన్నా, కోప్పడకు. రామప్ప శాసనంలో ఉన్నది కట్టించిన రేచర్ల రుద్రుడి పేరు, 1213. రామప్ప అనే శిల్పి పేరు జనం నోట్లో ఉన్నమాట, నాకూ ఇష్టమే, కానీ గుళ్లో దేవుడు రామలింగేశ్వరుడు కాబట్టి పేరు అటు నుంచి కూడా వచ్చి ఉండొచ్చు. 1163 శాసనం సంగతి నిజమే, అయితే అది రాజు మాట, సంస్కృతంలో కవి చేత రాయించినది. బ్రైడ్‌కిర్క్‌లో మాట్లాడేది రాజు కాదు, చెక్కినవాడు కూడా కాదు. రాయి మాట్లాడుతోంది. "నన్ను" అంటోంది. తేడా అక్కడుంది. పోటీ పెట్టుకోవాల్సిన పని లేదు.

సరే, తప్పు చదివిన కథ.

కామ్డెన్ అనే ఆయన ఇంగ్లండ్ ఊళ్ల చరిత్ర రాసిన 'బ్రిటానియా'లో ఈ తొట్టి ఉంది. పక్కనే పాప్‌కాసిల్ అని రోమన్ల కోట ఉన్న ఊరు, అక్కడ దొరికిన పచ్చటి రాతి పాత్ర అని రాశాడు. అది స్నానానికి వాడినదో, బాప్తిస్మపు తొట్టో తేల్చకుండా, ఇప్పుడు బ్రైడ్‌కిర్క్‌లో ఆ పనికి వాడుతున్నారని ఊరుకున్నాడు. అక్షరాలు ఆయనకి అర్థం కాలేదు.

తర్వాత కార్లైల్ ఆర్చ్‌డీకన్, అంటే బిషప్ కింది పెద్ద గురువు, విలియం నికల్సన్. తర్వాత్తర్వాత అక్కడే బిషప్ అయ్యాడు. మంచి చదువరి, పాత ఉత్తరాది భాషలు వచ్చినవాడు. 1685 నవంబరులో డగ్డేల్ అనే పెద్ద చరిత్రకారుడికి ఉత్తరం రాశాడు, అది లండన్‌లోని శాస్త్రజ్ఞుల సంఘం రాయల్ సొసైటీ పత్రికలో అచ్చయింది. ఆయన చదివిందేమిటంటే: "ఇక్కడ ఎకార్డ్ మతం మారాడు, అతన్ని చూసి డేన్లు కూడా వచ్చారు." డేన్లంటే డెన్మార్క్ వైకింగులు. చూశారా! రిచర్డ్ అనే రాతిపనివాడు పోయి ఎకార్డ్ అనే డేన్ నాయకుడు వచ్చేశాడు. అతని వెనక ఒక జాతి మొత్తం వచ్చి నిలబడింది. "రికార్థ్"లో మొదటి అక్షరాన్ని విడగొట్టి "ఎర్ ఎకార్డ్" అని చదివాడు, అక్కణ్ణుంచి బండి పట్టాలు తప్పింది. పుస్తకాల్లో ఎకార్డ్ చాలా కాలం బతికాడు, 19వ శతాబ్దంలో గానీ సరిగ్గా చదవలేదు.

నికల్సన్‌ని తిట్టాలని లేదు నాకు. చీకటి చర్చి, అరిగిన రాయి, పైగా ఆయనకి ముందే మనసులో ఒక కథ ఉంది. రూన్లు కనపడగానే డేన్లు అనుకున్నాడు, కాబట్టి భాష కూడా డేన్లదే అయి ఉండాలనుకున్నాడు. లిపిని చూసి భాషని ఊహించాడు. మనమూ అంతే, తెలుగు-కన్నడ లిపిలో ఉన్న సంస్కృత శాసనాన్ని చూసి తెలుగు శాసనం అని ఫోటో పెట్టేవాళ్లు ఈ గ్రూపులోనే ముగ్గురున్నారు, పేర్లు చెప్పను.

కొంటె ప్రశ్న
సోమవారం, రాత్రి 9:22

ఆ ముగ్గురిలో ఒకణ్ణి నేనే. క్షమించాలి గురువుగారూ 🙏

ట్రై చేశా, చూడండి: "రిచర్డు నన్ను చెక్కినాడు, ఈ సొగసుకు నన్ను తెచ్చినాడు." ప్రాస కుదిరిందా?

శాసనపిచ్చోడు
సోమవారం, రాత్రి 9:40

కుదిరింది. "గెర్న్‌ర్" వదిలేశావు, తెలివైనవాడివే.

సముద్రపు కాకి
మంగళవారం, ఉదయం 7:45

ఎంత చెప్పినా ఇది వైకింగుల తొట్టేనండీ. రూన్లు రాసేది వైకింగులే కదా. ఎవరో నార్మన్ పేరు పెట్టుకున్న వైకింగ్ అయ్యుంటాడు. ఊరికే కాంప్లికేట్ చేస్తున్నారు.

పద్మక్క లీడ్స్
మంగళవారం, ఉదయం 9:30

వైకింగుల కాలం అప్పటికి అయిపోయిందండీ. ఇది 12వ శతాబ్దం మధ్యది. ఆ ఊళ్లో ఉన్నది వైకింగుల మునిమనవలు, ఓడలెక్కి దోపిడీకి వెళ్లేవాళ్లు కాదు, గొర్రెలు కాసుకునేవాళ్లు. రాజ్యం కూడా చేతులు మారుతూ ఉంది. 1092లో ఇంగ్లండ్ రాజు విలియం రూఫస్ కార్లైల్‌ని పట్టుకున్నాడు, 1136 నుంచి 1157 దాకా మళ్లీ స్కాట్లండ్ రాజుల కింద ఉంది. అంటే రిచర్డ్ ఉలి పట్టుకున్నప్పుడు ఆ ఊరు ఇంగ్లండ్ కిందా స్కాట్లండ్ కిందా అని అడిగితే సంవత్సరాన్ని బట్టి చెప్పాలి.

కార్లైల్ తమ్ముడూ, మీ ఊరి కెథీడ్రల్లోనే గోడ మీద ఇంకో రూన్ల గీతలున్నాయి, చూశావా? "డాల్ఫిన్ ఈ రూన్లు ఈ రాతి మీద రాశాడు" అని. అది కూడా 12వ శతాబ్దమే. కానీ ఆ భాష నార్స్. మన రిచర్డ్ మాటేమో ఇంగ్లీషు. రెండింటికీ మధ్య దూరం పాతిక మైళ్లు. నార్స్ మాట పోతూ ఉంది, నార్స్ రాత మిగిలింది. సముద్రపు కాకి గారూ, మన పిల్లలు వాట్సాప్‌లో ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొడతారే, వాళ్లని ఇంగ్లీషువాళ్లు అంటామా?

సముద్రపు కాకి
మంగళవారం, ఉదయం 9:52

ఆ వాట్సాప్ పాయింట్ దెబ్బ కొట్టింది. సరే, ఒప్పుకున్నా.

కార్లైల్ కుర్రాడు
మంగళవారం, సాయంత్రం 5:20

కెథీడ్రల్ ముందు నుంచి రోజూ ఆఫీసుకి వెళ్తా, ఆరేళ్లలో ఆ గోడ చూడలేదు. సిగ్గుగా ఉంది.

ఇంకో డౌటు. 1640ల అంతర్యుద్ధంలో చర్చిల్లో బొమ్మలన్నీ పగలగొట్టారని విన్నా. తొట్ల జోలికి వెళ్లలేదా?

గుణదల మెట్లు
మంగళవారం, రాత్రి 8:00

ఎందుకు వెళ్లలేదు, బాగానే వెళ్లారు. 1644లో పార్లమెంటు ఆర్డరు వేసింది, పాత మూఢనమ్మకాల తొట్లు వాడొద్దని. 1645 నుంచి కొత్త పద్ధతి, సంఘం అంతా చూసేలా ముందు నిలబడి మామూలు బేసిన్‌లో నీళ్లతో ఇవ్వాలి. తొట్లు తోటల్లోకి, పశువుల కుడితికి పోయాయి. 1660లో రాజు తిరిగొచ్చాక మళ్లీ తొట్లు పెట్టుకున్నారు, ఆ ఏళ్ల తేదీలున్న తొట్లు ఇంగ్లండ్‌లో చాలా చోట్ల ఉన్నాయట.

స్ట్రాట్‌ఫర్డ్‌లో షేక్స్‌పియర్ చర్చికి వెళ్లినవాళ్లు చూసే ఉంటారు, 1564 ఏప్రిల్ 26న ఆయన బాప్తిస్మం రిజిస్టర్లో ఉంది, ఆ కాలపు తొట్టి ముక్క విరిగిపోయి అక్కడే ఉంది. పక్కన పెట్టుకు ఫోటో దిగుతారు. దానితో పోలిస్తే రిచర్డ్ తొట్టి బతికి బట్టకట్టింది.

శాసనపిచ్చోడు
మంగళవారం, రాత్రి 10:10

ఒక చిన్న ముక్క కలుపుతా, ఎందుకో నాకు చాలా ఇష్టం ఇది. బ్రైడ్‌కిర్క్ పాస్టరుగారబ్బాయి జోసెఫ్ విలియమ్సన్ 1633లో ఆ ఊళ్లోనే పుట్టాడు. పెద్దయ్యాక రాజుగారి మంత్రి అయ్యాడు, 1677లో రాయల్ సొసైటీకి అధ్యక్షుడయ్యాడు. ఆ సొసైటీ పత్రికలోనే కొన్నేళ్లకి ఆ ఊరి తొట్టిని తప్పు చదివిన ఉత్తరం అచ్చయింది. చిన్నప్పుడు ఆదివారాలన్నీ ఆ తొట్టి పక్కన ఆడుకున్నవాడే అయ్యుంటాడు, ఒక్కసారన్నా నిలబడి చూసి ఉంటే...

ఇంకోటి, రిచర్డ్ ఎవరని అడుగుతారు. డర్హమ్‌లో ఆ కాలంలో రిచర్డ్ అనే పేరున్న పెద్ద ఇంజినీరు ఉన్నాడు, బిషప్‌కి కోటలు కట్టిపెట్టాడు. ఇతనే అతనని కొందరు రాశారు. నాకు నమ్మబుద్ధి కాదు. రిచర్డ్ అనే పేరు అప్పుడు మన వెంకటేశ్వర్లు లాంటిది. కోటలు కట్టేవాడు ఇంత చిన్న ఊరికి వచ్చి ఊరివాళ్ల అక్షరాల్లో, ఊరివాళ్ల మాటల్లో పేరు రాసుకున్నాడా? రాసుకోకూడదని కాదు, కానీ పేరొక్కటి కలిసిందని మనిషిని కలిపెయ్యడమే ఎకార్డ్‌ని పుట్టించింది.

వరంగల్ వాసి
మంగళవారం, రాత్రి 10:25

ఇది ఒప్పుకుంటా. రామప్ప సంగతి తర్వాత వేరే థ్రెడ్‌లో చూసుకుందాం.

శాసనపిచ్చోడు
మంగళవారం, రాత్రి 10:31

కార్లైల్ తమ్ముడూ, మళ్లీ వెళ్తే ఫ్లాష్ కొట్టకు. సెల్ టార్చి పక్క నుంచి, రాయికి దాదాపు ఆనించి పట్టు. ఎదురుగా వెలుగు పడితే గీతలు మాయమవుతాయి, పక్క నుంచి పడితే నీడలో పైకి లేస్తాయి. చేత్తో రుద్దకు, సుద్ద రాయకు. ముందు "7" అంకె లాంటి గుర్తు వెతుకు. అది రూన్ కాదు, "అండ్" అనడానికి ఆ కాలపు రాతగాళ్లు వాడే గుర్తు. అది దొరికితే దానికి ముందున్నది మొదటి పాదం, తర్వాతది రెండో పాదం.

కార్లైల్ కుర్రాడు
శనివారం, రాత్రి 8:15

వెళ్లొచ్చాం. అమ్మ రానంది, నాన్నా నేనూ వెళ్లాం. చర్చిలో ఎవరూ లేరు, బయట వాన లేదు గానీ లోపల మసకే. మీరు చెప్పినట్టే టార్చి పక్క నుంచి పట్టా. మొదట ఏమీ లేదు, చెయ్యి కాస్త కిందికి దించేసరికి పట్టీ మొత్తం లేచింది. 7 దొరికింది గురూగారూ! దాని ఎడమ పక్క "ఇవ్రోక్తె" అని మీరు రాసిన వరసలో వేలు గాల్లో పెట్టి లెక్కపెట్టుకుంటూ చదివా, తాకలేదు. ఒకట్రెండు చోట్ల నాకు అందలేదు, రాయి అరిగింది.

నాన్న అక్షరాల వైపు చూడనే లేదు. టార్చి కిందికి పట్టమన్నాడు, ఆ చిన్న మనిషి మీదికి. అద్దం ముందు పెట్టుకోకుండా సుత్తి ఎత్తిన తన చెయ్యి తనకెలా కనపడిందిరా అన్నాడు. నేనేం చెప్పను. ఆయన ఒక అడుగు వెనక్కి వేసి, ఎడమ చేత్తో ఉలి పట్టినట్టు, కుడి చెయ్యి ఎత్తి, అలా కాసేపు నిలబడి తన చేతుల్ని చూసుకున్నాడు. "తల దించితే కనపడుద్దిలే" అన్నాడు. అంతే, ఇక ఇంటికి పోదాం పద, మీ అమ్మ ఒక్కతే ఉంది అన్నాడు.